కొత్త డొప్ప కొనకండి

పాత స్కూటరుకి సొట్ట పడిందని చెప్పగానే వినేవాళ్ళు షెడ్డుకి తోలెయ్యమంటారు, లేదంటే కొత్త పార్టు వేయించమంటారు. ఇంకొంచెం చనువున్నవాళ్ళు పాతసామాన్లకి వేసెయ్యమంటారు. నేను చెప్పబోయేది వీటన్నిటికీ అడ్డం. షెడ్డుకి తోలకండి, కొత్తది కొనకండి, అమ్మకండి. మేస్త్రి ఒక్క పూటలో తేల్చేసే పనికి మీరు నెల రోజులు పెట్టుకోండి. ఖర్చు లెక్క వేయకండి, వేస్తే అసలు మొదలుపెట్టరు. ఇది మొండి సలహా అని మా ఇంట్లో అందరూ అంటారు. మొండిదే. కానీ ముప్ఫై ఏళ్ళు దాటిన రేకుని కాపాడుకోవడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

మా నాన్నగారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసి 1986లో తెచ్చుకున్న బజాజ్ చేతక్ మాది. పాలపిట్ట రంగు. మొన్న సంక్రాంతి ముందు, కళ్ళాపి చల్లిన వాకిట్లో స్టాండు జారి బండి కుడివైపుకి ఒరిగి తులసికోట మూల మీద పడింది. ఈ బండికి ఇంజను కుడివైపునే ఉంటుంది, బరువు అటే లాగుతుంది. ఆ బరువంతా సిమెంటు మూల మీదికి దిగేసరికి కుడి డొప్పకి అరచెయ్యంత సొట్ట పడింది. డొప్ప అంటే ఇంజనుని కప్పే పక్క రేకు. షాపుల్లో సైడ్ ప్యానెల్ అంటారు, మా ఇంట్లో ఎప్పుడూ డొప్పే. గుమ్మడికాయ పక్కలా అన్నివైపులా వంపు తిరిగిన రేకు అది. సొట్ట కింది అంచున నెలవంకలా ఒక మడత పడింది, పైన గట్టులా ఉబ్బింది.

మొదట ఏ రేకు జోలికి వెళ్ళాలో, ఏ రేకు జోలికి వెళ్ళకూడదో తెలియాలి. చేతక్ వంశం ఇటలీ వెస్పాది. 1946లో ఆ బండికి రూపం ఇచ్చిన కొరాడీనో దస్కానియో విమానాల ఇంజనీరు, హెలికాప్టర్లు కట్టినవాడు. దాన్ని తయారుచేసిన పియాజియో కూడా అప్పటిదాకా విమానాలు చేసిన కంపెనీ. అందుకే ఆ బండికి మోటారుసైకిల్లా గొట్టాల చట్రం లేదు. అచ్చుల్లో ఒత్తిన ఉక్కు రేకుల్ని ఒకదానికొకటి వెల్డింగ్ చేస్తే ఆ ఒళ్ళే చట్రం అయింది. పియాజియోతో బజాజ్ వాళ్ళ లైసెన్సు ఒప్పందం 1971లో ముగిసింది, 1972లో చేతక్ పేరుతో బండి వచ్చింది. పేరు మారినా ఒళ్ళు కట్టిన పద్ధతి అదే. కాబట్టి చేతక్ నడుముకో, హ్యాండిల్ కిందికి దిగే మెడకో, కాళ్ళు పెట్టుకునే పలకకో దెబ్బ తగిలి ముడత పడితే అది అందానికి సంబంధించిన సంగతి కాదు. చక్రాల వరస తప్పుతుంది. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా ఒక నూలు దారం లాగి చూడండి. తేడా కనిపిస్తే ఆ పని అచ్చు మీద బిగించి సరిచేసే వర్కుషాపుదే. ఇంట్లో చేయకండి. ఈ ఒక్కచోట నేను మొండితనం పక్కన పెడతాను.

డొప్పలు, ముందు మడ్‌గార్డు బండి బరువు మోయవు. ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఈ నెలంతా కుడి డొప్ప లేకుండానే బండి తిప్పవచ్చు. ఇంజను వేడెక్కుతుందేమోనని భయపడతారు. ఈ ఇంజనుకి గాలి కొట్టే ఫ్యాను, ఆ గాలిని సిలిండరు మీదికి తోలే తొడుగు వేరే ఉంటాయి. పైన ఉండే డొప్పకి ఆ పనితో సంబంధం లేదు. కానీ వెనక చీర కట్టుకున్నవాళ్ళని, చున్నీ వేసుకున్నవాళ్ళని, పిల్లల్ని ఎక్కించుకోకండి. సైలెన్సరు వైపు కాలు కాలుతుంది, కొంగు ఎటు పోతుందో చెప్పలేం.

మొదటి వారం సుత్తి ముట్టుకోకండి. ఇది విని మా బాబాయి, "సుత్తి పట్టకుండా సొట్ట ఎలా తీస్తావురా?" అన్నాడు. ఆ వారం సొట్టని చదవడానికి. మధ్యాహ్నం ఎండలో చూస్తే రేకంతా ఒకేలా మెరుస్తుంది, ఏమీ తెలియదు. రాత్రి ట్యూబులైటు కింద డొప్పని పట్టుకుని మెల్లగా తిప్పండి. ట్యూబు నీడ రేకు మీద తెల్లటి గీతలా పడుతుంది. బాగున్నచోట ఆ గీత సాఫీగా జారుతుంది. సొట్టలోకి వచ్చేసరికి పాములా మెలికలు తిరుగుతుంది, మడత దగ్గర విరిగి రెండు గీతలవుతుంది. రంగు మెరుపు పోయి ఉంటే కిరసనాయిలు గుడ్డతో ఒకసారి తుడవండి. తడి ఆరేలోపు అద్దంలా చూపిస్తుంది.

తర్వాత కళ్ళు మూసుకోండి. అరచేతికీ రేకుకీ మధ్య పల్చటి పాత నూలు పంచె ముక్క వేసి, మునివేళ్ళు ముందుకి పెట్టి మొత్తం అరచేతిని పొడుగ్గా లాగండి. ఒట్టి చెయ్యి రేకుకి అంటుకుని ఆగుతుంది, గుడ్డ ఉంటే జారుతుంది. అప్పుడు కంటికి ఆనని ఎత్తుపల్లాలు కూడా చేతికి తెలుస్తాయి. పల్లం ఉన్నచోట సుద్దతో సున్నా, ఎత్తు ఉన్నచోట అడ్డగీత పెట్టండి. వారం రోజులు రోజుకోసారి ఇదే చేసి, నిన్నటి గుర్తులు చెరిపి మళ్ళీ కొత్తగా పెట్టండి. నాకు మూడో రోజుకి గుర్తులన్నీ మారాయి, ఆరో రోజు నుంచి మారడం ఆగింది. ఆగినప్పుడు నా చెయ్యి రేకుని చదవడం నేర్చుకుందని నాకు నమ్మకం కలిగింది.

ఈ పని నేర్చుకోవడానికి కార్ల షెడ్డుకి పోకండి, బిందెల సొట్టలు తీసే మనిషిని పట్టుకోండి. ఇది కూడా అందరూ వద్దనే సలహా. ఇత్తడికీ ఉక్కుకీ పోలికేమిటని అడుగుతారు. లోహం వేరు, చెయ్యి ఒకటే.

మా వీధికి ఇప్పటికీ ఏడాదికి ఒకట్రెండుసార్లు ఒక పెద్దాయన వస్తాడు. భుజాన సంచి, అందులో రెండు చెక్క సుత్తులు, ఒక ఇనుప సుత్తి, తల గుండ్రంగా ఉన్న పొడుగాటి ఇనుప కడ్డీ. ఆ కడ్డీని నేలలోకి దిగగొట్టి నిలబెట్టి బిందెని బోర్లించి దాని మీద తొడుగుతాడు. కడ్డీ తల బిందె లోపల ఎక్కడుందో పైకి కనిపించదు. ఆయన బిందెని అరచేత్తో అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ, కడ్డీ తల సొట్ట అంచుకి తగలగానే ఆగుతాడు. ఎలా తెలిసిందని అడిగాను. "బరువు మారుద్ది బాబూ" అన్నాడు. నేను బిందె పట్టుకుని చూశాను. నిజమే, తల నునుపు మీద ఉంటే బిందె ఎటంటే అటు తేలిగ్గా తిరుగుతుంది. సొట్ట అంచు తగిలితే మోకాలడ్డినట్టు ఆగుతుంది.

ఆయన సొట్ట నడిమధ్యన ఒక్క దెబ్బ కూడా వేయలేదు. చుట్టూ అంచు వెంబడి చెక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ గుండ్రంగా తిరిగాడు. మూడు చుట్లు పూర్తయ్యేసరికి నడుమ ఉన్న గుంట తనంతట తాను పైకి వచ్చింది. నేను ఒక రోజంతా ఆయన పక్కన కూర్చున్నాను, ఆయన అడిగినంతా ఇచ్చాను. కార్ల షెడ్డులో ఇంత ఓపిగ్గా ఎవరూ చూపించరు, అక్కడ వాళ్ళ వెనక పది బళ్ళు వరసలో ఉంటాయి.

రేకు కింద ఏం పెట్టి కొట్టాలన్నది ఇంకో సంగతి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు ఉబ్బెత్తుగా తేల్చే పనివాళ్ళు రేకుని లక్క పరుపు మీద అంటించి కొడతారు. ఒట్టి బండ మీద పెట్టి కొడితే రేకు నలుగుతుంది, సాగుతుంది. గాల్లో పట్టుకుని కొడితే ఎటో పోతుంది. కింద ఉన్నది కొద్దిగా లొంగాలి, కొద్దిగా ఎదురు నిలవాలి. మనకి లక్క అక్కర్లేదు. పాత జీన్సు ప్యాంటు కాలు ఒకటి కోసి, జల్లించిన పొడి ఇసుక మూడొంతులు నింపి రెండు చివరలా గట్టిగా కుట్టండి. నిండుగా నింపితే బండరాయి అవుతుంది, అప్పుడు పనికిరాదు. డొప్పని బయటివైపు కిందికి వచ్చేలా ఆ సంచి మీద పెడితే వంపుకి తగ్గట్టు ఇసుక సర్దుకుని రేకుని ఒడిలో పెట్టుకుంటుంది.

సుత్తి పట్టే ముందు ఇంకో వింత పని చేయండి. బెజవాడ ఆటోనగర్ లాంటి చోటికి వెళ్ళి పాతసామాన్ల కొట్టులో కిలోల లెక్కన తుప్పుపట్టిన డొప్ప ఒకటి తెచ్చుకోండి. ఇంటికి తెచ్చి దాన్ని మీ చేతులతో సొట్టపెట్టండి. మీ బండికి ఎలా పడిందో అలాగే, అదే చోట, మూల తేలిన రాయి మీద వేసి నొక్కండి. బాగుచేయడానికి ముందు పాడుచేయడం నేర్చుకోవాలి. రేకు ఏ క్రమంలో లోపలికి పోయిందో కళ్ళారా చూస్తారు. మొదట నడుమ గుంట పడుతుంది, గుంట పెద్దదయ్యేకొద్దీ చుట్టూ గట్టు లేస్తుంది, చిట్టచివర కింది అంచు మడత పడుతుంది. బాగుచేసేటప్పుడు ఆ క్రమం తిరగబడాలి. చివర పడ్డ మడత ముందు విడిపోవాలి, ఆ తర్వాత గట్టు దిగాలి. మొదట పడ్డ నడిమి గుంట చిట్టచివర తేలుతుంది. తెలియనివాళ్ళందరూ లోపలి నుంచి గుంట నడుమ ఒకే పెద్ద దెబ్బ వేస్తారు. దాంతో గుంటలో కొత్తగా మొటిమ లేస్తుంది, చుట్టూ గట్టు అలాగే ఉంటుంది.

దీని వెనక ఉన్న కారణం ఉక్కు స్వభావంలోనే ఉంది. రేకు కొద్దిగా వంగితే వదిలెయ్యగానే వెనక్కి వస్తుంది. ఒక హద్దు దాటి వంగితే అక్కడే నిలిచిపోతుంది, నిలిచిపోయిన ఆ చోట ముందుకన్నా గట్టిపడుతుంది కూడా. తీగని ఒకేచోట అటూ ఇటూ వంచితే బిరుసెక్కి విరిగేది అందుకే. అరచెయ్యంత సొట్టలో హద్దు దాటింది మడత, గట్టు మాత్రమే. మిగతా భాగంలో చాలావరకు వెనక్కి రావాలనే చూస్తుంటుంది. గట్టిపడ్డ మడత దాన్ని పట్టి ఆపుతోంది. మనం రేకుని బయటికి తోయక్కర్లేదు, దాన్ని ఆపుతున్నది ఏమిటో దాన్ని విడిపిస్తే చాలు. ఇది మనసుకి ఎక్కాక నా సుత్తి దెబ్బలు సగానికి తగ్గాయి.

సామాన్లు ఎక్కువ వద్దు. చెక్క సుత్తి ఒకటి, ముఖం కొద్దిగా ఉబ్బుగా నునుపు చేసిన చిన్న ఇనుప సుత్తి ఒకటి, లోపల ఆనించడానికి చేతిలో ఇమిడే ఇనుప దిమ్మె ఒకటి. దాన్ని డాలీ అంటారు. డాలీ వంపు మీ రేకు వంపు కన్నా కొంచెం ఎక్కువ తిరిగి ఉండాలి, తక్కువైతే దాని అంచులు రేకులో దిగి గీతలు పడతాయి. సుత్తి ముఖం మీద చిన్న గాటు ఉన్నా ప్రతి దెబ్బకీ ఆ గాటు రేకు మీద అచ్చుపడుతుంది. అద్దంలా అయ్యేదాకా నీటి కాగితంతో రుద్దండి. ఇక్కడ సోమరితనం చేస్తే చివర పెయింటు కింద నుంచి ప్రతి గాటూ మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది.

రెండో ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. డొప్ప లోపలి జిడ్డు, మట్టి కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాను. బయటివైపు కిందికి వచ్చేలా ఇసుక సంచి మీద పెట్టి, లోపలి నుంచి మడత వెంబడి చెక్క సుత్తితో రెండు చివరల నుంచి నడుమకి వచ్చాను. మడత నడుమ మొదలుపెట్టకూడదు. రెండు కొసలూ ఎక్కడ సన్నగిలిపోతాయో అక్కడ మొదలుపెట్టి ఒక్కోవేలు చొప్పున లోపలికి రావాలి. పదిహేను ఇరవై దెబ్బలకి ఒకసారి ఆగి ట్యూబు కింద పెట్టి చూశాను. గంట గడిచాక నెలవంక సగం పొట్టిదయింది.

అప్పుడు డాలీ తీశాను. లోపలి నుంచి గుంట కింద డాలీని గట్టిగా ఒత్తి పట్టుకుని, బయట దాని పక్కనే ఉన్న గట్టు మీద సుత్తితో తేలిగ్గా కొట్టాలి. సుత్తి ఒకచోట, డాలీ ఇంకోచోట. సుత్తి దెబ్బకి గట్టు దిగుతుంది, ఆ అదురుకి డాలీ వెనక్కి ఎగిరి మళ్ళీ గుంటని తాకి పైకి తోస్తుంది. ఒకే దెబ్బతో ఎత్తు దిగడం, పల్లం లేవడం రెండూ జరుగుతాయి. ఇలా సరిగ్గా పడ్డ దెబ్బ బొద్దుగా, తడి మట్టి మీద కొట్టినట్టు వినిపిస్తుంది. సుత్తి నేరుగా డాలీ మీద పడితే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. ఆ ఖంగుమనే చప్పుడు ఎక్కువ వినిపిస్తోందంటే రేకు రెండు ఇనుముల మధ్య నలిగి పల్చబడి సాగుతోందని అర్థం. చిట్టచివర నునుపు చేయడానికి అలాంటివి కొన్ని పడాలి, కొన్నే. మణికట్టుతో కొట్టండి, మోచేత్తో కాదు. చెవిలో గుడ్డ పెట్టుకుని ఈ పని చేయకండి, చప్పుడే మీ కొలత. కళ్ళకి అద్దాలు మాత్రం మరవకండి, పాత రంగు పెచ్చులు సూదుల్లా లేస్తాయి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా నీళ్ళతో తడిపి రుద్దండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

రోజుకి అరగంట చాలు. అరగంట దాటితే చెయ్యి బరువెక్కుతుంది, కోపం వస్తుంది, దెబ్బ గట్టిగా పడుతుంది. నేను ఒక రాత్రి పూర్తిచేసేయాలని రెండు గంటలు కూర్చుని రేకు సాగదీశాను. బొటనవేలితో నొక్కితే టపామని లోపలికి పోయి, వదిలితే టపామని బయటికి వచ్చేది, బిస్కెట్ డబ్బా మూతలాగ. అంటే ఆ చోట రేకు ఉండాల్సినదానికన్నా ఎక్కువైపోయింది, ఇమడడానికి చోటు లేక అటో ఇటో ఉబ్బుతోంది. దాన్ని ఎంత కొట్టినా ఇంకా సాగుతుందే కానీ తగ్గదు.

తగ్గించడానికి వేడి పెట్టాలి. ఇది మీరు చేయకండి, గ్యాస్ వెల్డింగ్ చేసే మనిషి దగ్గరికి డొప్ప ఒక్కటీ పట్టుకెళ్ళండి, బండిని తీసుకెళ్ళకండి. పెట్రోలు ట్యాంకు ఉన్న బండి పక్కన మంట పెట్టనివ్వకండి. ఉబ్బు మధ్యలో చిటికెన వేలి గోరంత చుక్కని చెర్రీపండు ఎరుపు దాకా వేడి చేయమనండి. ఎర్రబడగానే చుట్టూ రెండు మూడు తేలికపాటి దెబ్బలు, వెంటనే తడి గుడ్డ. పది మిల్లీమీటర్ల చుక్క ఏడు వందల డిగ్రీలు వేడెక్కితే అది వెంట్రుకమందం పెరగాలని చూస్తుంది. చుట్టూ చల్లగా ఉన్న రేకు పక్కకి చోటివ్వదు. చోటు లేక మెత్తబడ్డ చుక్క మందం అవుతుంది. చల్లారేటప్పుడు మామూలుగా కుంచించుకుపోతుంది, చుట్టుపక్కల రేకుని తనవైపు లాక్కుంటుంది. నాకు రెండు చుక్కలు పట్టాయి. మేస్త్రి మూడోది పెడతానంటే వద్దన్నాను. ఎక్కువ లాగితే ఉబ్బు పోయి ఈసారి ముడత వస్తుంది.

ఇప్పుడు లప్పం సంగతి. పుట్టీ అనండి, లప్పం అనండి, ఈ విషయంలో నాకు చాలా కోపం ఉంది. పదేళ్ళ కిందట ఇదే బండి ముందు మడ్‌గార్డుకి చిన్న సొట్ట పడితే మా ఊళ్ళో ఒక షెడ్డులో ఇచ్చాను. సాయంత్రానికి అద్దంలా చేసి ఇచ్చారు. రెండు వానాకాలాలు గడిచాయి. మూడో ఏడు రంగు మీద వెంట్రుకలాంటి పగులు, తర్వాత పొక్కు, తర్వాత ఒకరోజు గుప్పెడంత పెచ్చు ఊడి రోడ్డు మీద పడింది. కింద సొట్ట సొట్టలాగే ఉంది. మీద అర అంగుళం లప్పం. సొట్టని లాగడానికి రేకుకి నాలుగు బెజ్జాలు కూడా పెట్టి వదిలేశారు, వాటిలోంచి నీళ్ళు పోయి లోపల రేకంతా తుప్పు తినేసింది. ఆ మడ్‌గార్డు తిరిగి దక్కలేదు. నేను షెడ్డుకి తోలొద్దు అంటున్నది ఆ రోజు నుంచి.

లప్పం చెడ్డదని కాదు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు, మహా అయితే మూడు. అంతకు మించితే ఎండకి రేకు ఒకలా, లప్పం ఇంకోలా వ్యాకోచిస్తాయి, అదురుకి రెండూ విడిపోతాయి. పాలిస్టర్ లప్పం నీళ్ళు పీల్చుకుంటుంది కూడా. దాన్ని నీటి కాగితంతో రుద్ది సరిగ్గా ఆరకుండానే రంగు వేస్తే ఆ తేమ రేకుకీ రంగుకీ మధ్య చిక్కి తుప్పు మొదలుపెడుతుంది. ఎవరైనా పాత బండి అమ్మజూపితే ఫ్రిజ్ మీద అతికించే పల్చటి అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి, పలచటి గుడ్డలో చుట్టి రేకు మీద జరపండి. పట్టు వదిలిన చోట లప్పం మందంగా ఉంది. వేలితో కొట్టి చూసినా తెలుస్తుంది, రేకు మోగుతుంది, లప్పం మోగదు.

మరి కొత్త డొప్ప ఎందుకు వద్దు? నేను ఒకసారి చూశాను. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. బండికి పెట్టి చూస్తే పైన వేలు దూరేంత సందు, కింద రబ్బరు బీడింగు నలిగిపోయింది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ ఒంటితో కలిసి అదిరి, కలిసి ఎండి, అంచులు ఒకదానికొకటి అలవాటుపడ్డ రేకు ఇది. దాని అంచులు ఇంకా బాగున్నాయి. అంచు బాగున్న రేకుని నడుమ సొట్ట కోసం పారేయడం నాకు మనసొప్పదు.

ఇంటర్నెట్‌లో తిరిగే మరుగునీళ్ళ చిట్కా, హెయిర్ డ్రయ్యరు, ఐసుముక్క చిట్కా ఇక్కడ పనికిరావు. మరుగునీళ్ళు ప్లాస్టిక్ బంపరుని మెత్తబరుస్తాయి, ఉక్కుకి ఆ వేడి లెక్కే కాదు. రబ్బరు కప్పుతో లాగడం మడత లేని విశాలమైన గుంటకి పనిచేస్తుంది, మడత ఉంటే లేదు.

సుత్తి పని అయ్యాక ఆకురాయి పట్టండి. ఆకురాయి అరగదీయడానికి కాదు, చూడడానికి. రేకు మీద నల్ల రంగు పల్చగా పూసి ఆకురాయిని ఏటవాలుగా ఒకసారి లాగితే ఎత్తుల మీద రంగు పోయి మెరుస్తుంది, పల్లాల్లో నలుపు మిగులుతుంది. నలుపు మిగిలిన చోట లోపల నుంచి చిన్న దెబ్బ. మళ్ళీ పూయండి, మళ్ళీ లాగండి. మెరుపు వచ్చిందని అరగదీస్తూ పోతే రేకు కాగితం అవుతుంది. నాకు ఈ దశకే ఎనిమిది రోజులు పట్టింది. చివరికి నలుపు నాలుగు చుక్కలు మిగిలింది, కొలిస్తే ఒక మిల్లీమీటరు కూడా లేదు. అక్కడ పల్చగా లప్పం వేశాను.

బయటపడ్డ ఒట్టి ఉక్కుని రాత్రి వదిలెయ్యకండి. మా బెజవాడ గాలికి తెల్లారేసరికి పసుపు రంగు తిరుగుతుంది, వేలిముద్ర పడ్డచోట ముందు తిరుగుతుంది. తుడిచి ఆ రోజే రెడాక్సైడ్ వేయండి. రెడాక్సైడ్ వేశాం కదా అని వానలో పెట్టకండి, అది నీళ్ళని ఆపలేదు, పైన రంగు పడాల్సిందే. రంగు వానాకాలంలో వేయకండి, గాల్లో తేమకి పైన తెల్లగా పొగమంచులా పడుతుంది. వేసవిలో పొద్దున్నే, రేకు వేడెక్కకముందు వేయండి.

రంగు విషయంలో నా చివరి మొండితనం చెబుతాను. మొత్తం బండికి కొత్త రంగు వేయించకండి. డొప్పకి మాత్రమే వేయండి. ఎండకి వెలిసిన పాత నీలానికి ఏ డబ్బాలోని నీలమూ కలవదు, కలవకపోయినా పర్వాలేదు. పక్కన ఉన్న పాత రంగుని రబ్బింగ్ కాంపౌండ్‌తో మెల్లగా రుద్దితే పైన చచ్చిన పొర పోయి కొంచెం దగ్గరికి వస్తుంది. మిగిలిన తేడాని అలాగే ఉంచండి. బండికి ముందు మడ్‌గార్డు తప్ప మిగతా అంతటా ఉన్నది కంపెనీలో వేసిన రంగు, దాన్ని గీకేస్తే మళ్ళీ తెచ్చుకోలేం. మా డొప్ప ఇప్పుడు ఒక చాయ ముదురుగా ఉంది. దూరం నుంచి చూసినవాళ్ళు అడుగుతారు. తులసికోట సంగతి చెబుతాను.

డొప్ప బిగించే ముందు లోపలివైపు మరవకండి. సుత్తి తగిలిన ప్రతిచోటా లోపల కూడా పాత రంగు చిట్లి ఉంటుంది. అక్కడ కూడా రెడాక్సైడ్, ఆరాక ఒక పొర రంగు. అంచు రబ్బరు ఎండిపోయి ఉంటే కొత్తది వేయండి, దానికి పెద్దగా ఖర్చు కాదు. బిగించాక ఇంజను స్టార్ట్ చేసి డొప్ప మీద అరచెయ్యి ఆనించి వినండి. రేకు ఎక్కడైనా గరగరమంటే అంచు సరిగా కూర్చోలేదు, ఊడదీసి మళ్ళీ పెట్టండి. మాకు రెండోసారికి కూర్చుంది.